కొండ నడకకు తోలు బూట్లు: ఏ రకం ఎవరికి, కొన్నాక ఎలా చూసుకోవాలి

హిమాలయాల ట్రెక్‌కి పేరు ఇచ్చాక, లేదా చదువుకో ఉద్యోగానికో యూకే వెళ్ళి అక్కడి కొండల మీద వారాంతపు నడకలు మొదలుపెట్టాక, మనవాళ్ళలో చాలామందికి మొదట వచ్చే సందేహం బూట్ల గురించే. తోలువి మంచివని ఒకరంటారు, బరువని ఇంకొకరంటారు, లోపల గోర్‌టెక్స్ (నీటిని ఆపే పల్చని పొర) ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదని షాపులో చెబుతారు. ధరల్లో చూస్తే జతకీ జతకీ మూడు నాలుగు రెట్ల తేడా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తరచుగా నడిచేవాళ్ళకు, నడిచొచ్చాక బూటుకి కాస్త సమయం ఇవ్వగలిగేవాళ్ళకు మంచి తోలు బూటుని మించింది లేదు. రెండేళ్ళకోసారి తీసి వాడి మళ్ళీ అటక మీద పెట్టేవాళ్ళు మాత్రం దాని మీద డబ్బు పెట్టకండి. తోలు బూటుని పాడుచేసేది నడక కంటే నిర్లక్ష్యమే ఎక్కువ.

అన్నిటికంటే ముందు: పాదానికి సరిపోవడం

తోలు, పొర, సోల్, బ్రాండు, ఇవన్నీ దీని తర్వాతే. సరిపోని ఖరీదైన బూటు కంటే సరిపోయిన మామూలు బూటు ఎంతో మేలు.

బూట్లు సాయంత్రం పూట కొనండి. రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, కొండ మీద కూడా అలాగే ఉబ్బుతుంది. నడకకు వేసుకునే మందపాటి సాక్స్ వెంట తీసుకెళ్ళండి. లేసులు వదులు చేసి, బూటులో పాదాన్ని వేళ్ళు ముందుకి తగిలేదాకా జరపండి. అప్పుడు మడమ వెనక ఒక వేలు దూరాలి. వేలు దూరకపోతే బూటు చిన్నది, రెండు వేళ్ళు సులువుగా దూరితే పెద్దది. తర్వాత మడమను వెనక్కి ఆనించి, లేసులు బిగించి, షాపులో ర్యాంపు ఉంటే దాని మీద, లేకపోతే మెట్ల మీద దిగి చూడండి. దిగేటప్పుడు బొటనవేలు బూటు ముందు భాగానికి తగలకూడదు. తగిలితే పెద్ద దిగుడులో గోళ్ళు నల్లబడతాయి, ఒక్కోసారి ఊడిపోతాయి కూడా. ఎక్కేటప్పుడు మడమ పైకి లేవకూడదు. లేచిందంటే బొబ్బలు ఖాయం.

మనకు ఇంకో చిక్కు ఉంది. చెప్పులతో, వట్టికాళ్ళతో పెరిగిన పాదాలు వేళ్ళ దగ్గర విశాలంగా ఉంటాయి. యూరప్ కంపెనీల బూట్లు చాలావరకు ముందు భాగంలో ఇరుకు. పొడవు సరిపోయింది కదా అని కొంటే చిటికెన వేలు నలిగిపోతుంది. వెడల్పు కోసం ఒక సైజు పెద్దది తీసుకుంటే మడమ జారుతుంది. కొన్ని కంపెనీలు అదే సైజులో వెడల్పు మోడల్ విడిగా ఇస్తాయి, దాన్ని అడగండి. తోలు వాడేకొద్దీ పక్కలకు కొద్దిగా సాగుతుంది కానీ పొడవు పెరగదు. అందుకే పక్కల్లో కొంచెం బిగువు ఫర్వాలేదు, ముందు తగలడం మాత్రం ఒప్పుకోవద్దు.

ఆన్‌లైన్‌లో తప్పనిసరై కొనాల్సి వస్తే సైజు అంకెను నమ్మకండి. మన దగ్గర ఎక్కువగా నడిచేది యూకే అంకె. మగవాళ్ళ బూట్లలో అమెరికా అంకె సాధారణంగా దానికంటే ఒకటి ఎక్కువ. పాదాన్ని కాగితం మీద పెట్టి గీసి, సెంటీమీటర్లలో కొలిచి, కంపెనీ పట్టికతో పోల్చుకోండి. రెండు పాదాలూ కొలవండి. తేడా ఉంటే పెద్ద పాదాన్ని బట్టి సైజు తీసుకోండి.

ఎక్కడ నడుస్తారు?

మన కొండల విషయం ముందు. నల్లమల, శేషాచలం, పాపికొండల్లో ఎక్కువ కాలం ఎండ, రాయి, ముళ్ళు. వానాకాలంలో తప్ప బురద తక్కువ. అహోబిలం నవ నారసింహ క్షేత్రాలు, తిరుమల అడవిలో తుంబురు తీర్థం లాంటి చోట్ల దారిలో నీళ్ళు దాటాలి, గుడి దగ్గర విప్పాలి, మళ్ళీ వేసుకోవాలి. చీలమండ దాకా లేసులు కట్టే బూటు అక్కడ ఇబ్బందే. ఈ నడకలకు మంచి పట్టున్న తేలిక బూట్లు, లేదా వెనక పట్టీ ఉన్న గట్టి సాండల్స్ చాలు. మే నెల ఎండలో నిండు తోలు బూటు వేసుకుంటే పాదం ఉడికిపోతుంది.

ముళ్ళ పొదల్లో, రాళ్ళ మీద రోజూ పనిచేసేవాళ్ళ సంగతి వేరు. అటవీ సిబ్బంది, సర్వేకి వెళ్ళేవాళ్ళు, భూగర్భ శాస్త్రం విద్యార్థులు ఈ కోవలోకి వస్తారు. తుమ్మ ముల్లు మెష్ (వల లాంటి గుడ్డ) బూటుని పక్కనుంచి సులువుగా పొడిచేస్తుంది. మందపాటి తోలు చాలావరకు ఆపుతుంది.

హిమాలయాల్లో మంచు, తడి, రాళ్ళ గుట్టలు, వీపు మీద బరువు ఉంటాయి. యూకేలో ఏడాదంతా తడి. లేక్ డిస్ట్రిక్ట్‌లో స్కాఫెల్ పైక్ ఎత్తు 978 మీటర్లే, స్కాట్లాండ్‌లో బెన్ నెవిస్ 1,345 మీటర్లే. అంకెలు చూసి మన అరకు కొండల్లాంటివే అనుకుంటాం కానీ అక్కడి వాన, గాలి, కాలు దిగబడే నల్లటి బురద వేరు. తోలు బూటుకి అసలైన చోటు అదే.

రకాలు ఒకచోట

| రకం | నీటిని ఆపడం | ఎండలో | జత బరువు సుమారుగా | కాలికి అలవాటు పడటానికి | మన్నిక |
|---|---|---|---|---|---|
| నిండు తోలు, తోలు అస్తరు | మైనం రాస్తుంటే బాగా | వేడి, కానీ చెమట పీలుస్తుంది | 1.5–1.9 కిలోలు | కొన్ని వారాలు | చాలా ఎక్కువ, సోల్ మార్చుకోవచ్చు |
| నిండు తోలు లేదా నూబక్ (పైన సన్నగా అరగదీసిన తోలు), లోపల గోర్‌టెక్స్ లాంటి పొర | చాలా బాగా, పొర బాగున్నంత కాలం | బాగా వేడి | 1.2–1.7 కిలోలు | ఒకటి రెండు వారాలు | ఎక్కువ, పొర ముందు పోతుంది |
| స్వెడ్, మెష్ కలిపినవి | పొర ఉంటేనే | ఫర్వాలేదు | 0.9–1.2 కిలోలు | కొద్ది రోజులు | మధ్యస్థం |
| పూర్తి సింథటిక్ | పొర ఉంటేనే | పొర లేకపోతే హాయి | 0.8–1.1 కిలోలు | దాదాపు అక్కర్లేదు | తక్కువ |

బరువు గడిని తేలిగ్గా తీసుకోవద్దు. కాలికి కట్టుకున్న బరువుని అడుగడుగునా ఎత్తాలి. వీపు మీది కిలో కంటే కాలి మీది కిలో ఎన్నో రెట్లు అలసట తెస్తుంది.

నిండు తోలు, తోలు అస్తరు

పశువు చర్మంలో పై పొర గట్టిది. దాన్ని చెక్కకుండా, అరగదీయకుండా అలాగే ఉంచితే అది నిండు తోలు, అంటే ఫుల్ గ్రెయిన్ తోలు. నారలు దగ్గరగా అల్లుకుని ఉంటాయి కాబట్టి నీరు త్వరగా దిగదు, రాపిడికి తట్టుకుంటుంది. మంచి నడక బూట్లలో ఇది రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మందం ఉంటుంది. మంచు కొండలెక్కే బూట్లలో ఇంకా ఎక్కువ.

వీటిలో చూడాల్సింది కుట్లు. ఎన్ని ముక్కలు కలిపి కుడితే నీరు రావడానికి అన్ని దారులు. పాత పద్ధతి యూరప్ బూట్లలో పై భాగమంతా దాదాపు ఒకే తోలు ముక్కతో చేసి, కుట్టు వెనకవైపు వేస్తారు. జర్మనీలో మైండల్, హన్వాగ్, ఇటలీలో స్కార్పా, జాంబర్లాన్, ఇంగ్లాండ్‌లో ఆల్ట్‌బర్గ్ ఇలాంటి బూట్లకు పేరున్నవి.

వీటి గొప్పతనం కొన్ని నెలల తర్వాతే తెలుస్తుంది. లోపలి తోలు మీ పాదం ఆకారానికి మారిపోతుంది. నాకు బాగా నచ్చేది ఈ గుణమే. ఏ సింథటిక్ బూటూ ఇలా మీ కాలికి మలుచుకోదు.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదటి వారాలు బిరుసుగా ఉంటాయి. తడిస్తే ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. రోజూ తడిసే వారం రోజుల ట్రెక్‌లో అది కష్టమే. కొన్న వెంటనే కొండకు తీసుకెళ్ళకూడదు. ముందు ఇంట్లో, తర్వాత కేబీఆర్ పార్కు లాంటి చోట గంటసేపు, తర్వాత భువనగిరి కోటో కైలాసగిరి మెట్లో ఎక్కి దిగి చూసుకోవాలి. ఎక్కడ రాసుకుంటోందో అప్పుడు తెలుస్తుంది. ట్రెక్‌కి కనీసం నెల ముందు కొనమని గట్టిగా చెబుతాను.

తోలు, లోపల పొర

గోర్‌టెక్స్ లాంటి పొరలో రంధ్రాలు చాలా సన్నం. నీటి బొట్టు దూరదు, చెమట ఆవిరి బయటికి పోతుంది. కానీ ఆవిరి బయటికి పోవాలంటే బయట గాలి లోపలికంటే చల్లగా, పొడిగా ఉండాలి. మనాలీ పైన, స్కాట్లాండ్‌లో ఇది బాగా పనిచేస్తుంది. ఆగస్టులో విశాఖపట్నం ఉక్కలో పెద్దగా పనిచేయదు, సాక్స్ చెమటతోనే తడుస్తాయి.

ఇంకో సంగతి. బూటు పైనుంచి నీళ్ళు లోపలికి పోతే ఆ పొరే వాటిని లోపల పట్టి ఉంచుతుంది. హంప్టా పాస్ లాంటి ట్రెక్‌లో వాగు దాటాల్సి వస్తే బూట్లు విప్పి మెడకు తగిలించుకుని, సాండల్స్‌తో దాటండి. వట్టికాళ్ళతో వద్దు, మంచు నీళ్ళలో కాలికి స్పర్శ పోయి రాయి మీద జారతారు.

వేళ్ళ దగ్గర బూటు వంగే చోట, గోళ్ళు రాసుకునే చోట పొర ముందుగా చిరుగుతుంది. దాన్ని బాగుచేయలేం. తోలు ఇంకా గట్టిగా ఉండగానే నీళ్ళు దిగడం మొదలవుతుంది. అయినా అక్కడితో బూటు పని అయిపోదు. మైనం రాసుకుంటూ పొర లేని బూటులా వాడుకోవచ్చు. హిమాలయాలకు మొదటిసారి వెళ్ళేవాళ్ళలో, ఇకముందు కూడా వెళ్తామని నిశ్చయించుకున్నవాళ్ళకు నేను చెప్పేది ఈ రకమే.

నూబక్ అంటే తోలు పై పొరను సన్నగా అరగదీసి మఖమల్‌లా చేసింది. బలం దాదాపు అంతే. గీతలు కనపడవు. మరకలు త్వరగా పడతాయి.

స్వెడ్, మెష్ కలిపినవి

స్వెడ్ తోలు లోపలి పొర నుంచి వస్తుంది. నారలు వదులుగా ఉండటంతో మెత్తగా వంగుతుంది, నీరు తొందరగా పీలుస్తుంది. మెష్‌తో కలిపి కుట్టడంవల్ల కుట్లు ఎక్కువ. డెకథ్లాన్‌లోనూ ఇతర షాపుల్లోనూ ఎక్కువగా దొరికేవి ఇవే. పడమటి కనుమల్లో రెండు రోజుల నడకకు, వేసవిలో హిమాలయాల తక్కువ ఎత్తు ట్రెక్‌లకు నిక్షేపంగా పనికొస్తాయి. ఏడాదికి ఒకటి రెండు ట్రెక్‌లు చేసేవాళ్ళకు ఇంతకంటే ఖర్చు అనవసరం.

పూర్తి సింథటిక్

తేలిక, త్వరగా ఆరతాయి, మొదటి రోజునుంచే హాయిగా ఉంటాయి. తోలు వస్తువులు వాడకూడదనుకునేవాళ్ళకు దారి ఇదే, ఇప్పుడు మంచి మోడల్స్ ఉన్నాయి కూడా. రాతి రాపిడికి త్వరగా చిరుగుతాయి.

రంగు పూత తోలుతో జాగ్రత్త

డబ్బా మీద "జెన్యూన్ లెదర్" అని ఉంటే అది తోలు అని మాత్రమే అర్థం, మంచి తోలు అని కాదు. లోపాలున్న తోలుని అరగదీసి, పైన ప్లాస్టిక్ లాంటి పూత వేసి, గ్రెయిన్ అచ్చు గుద్దుతారు. బూటు వంచి చూడండి. సహజమైన తోలు మీద సన్నని, ఒకదానితో ఒకటి పోలని ముడతలు వస్తాయి. పూత తోలు మీద గీతలు ఒకే వరసలో, బొమ్మ గీసినట్టు ఉంటాయి. ఆ పూత పగిలాక మైనమూ ఎక్కదు, క్రీమూ ఎక్కదు. ఊళ్ళో రోడ్డు మీదికి ఫర్వాలేదు, కొండకు వద్దు.

సోల్ సంగతి

1935లో ఇటలీ ఆల్ప్స్‌లో ఆరుగురు పర్వతారోహకులు చనిపోయారు. వాళ్ళ బూట్లు ఆ వాతావరణానికి తగినవి కాకపోవడం అందుకు ఒక కారణం. ఆ ప్రమాదం తర్వాత వాళ్ళ స్నేహితుడు విటాలే బ్రమానీ 1937లో లోతైన గాడులున్న రబ్బరు సోల్ తయారుచేశాడు. ఆయన పేరునుంచే విబ్రమ్ వచ్చింది. ఇప్పుడు ఆ పసుపు గుర్తు చాలా కంపెనీల బూట్ల కింద కనిపిస్తుంది.

కిందనున్న రబ్బరు కంటే దాని పైనుండే మిడ్‌సోల్ గురించి మన దగ్గర ఎవరూ చెప్పరు. ఎక్కువ తోలు బూట్లలో అది పాలీయురెథేన్, అంటే పీయూ. గాలిలోని తేమతో పీయూ నెమ్మదిగా విరిగిపోతుంది. బూటు వాడినా, డబ్బాలో ఉన్నా ఇది జరుగుతూనే ఉంటుంది. వేడి, తేమ ఎక్కువైతే ఇంకా త్వరగా జరుగుతుంది. అందుకే అటక మీద ఐదారేళ్ళు కొత్తవాటిలా ఉన్న బూట్లు తీసి వేసుకుంటే, కొండ మధ్యలో సోల్ మొత్తం ఊడి చేతికొస్తుంది. డబ్బా అడుగున పిండిలా రాలి ఉన్నా, బొటనవేలితో నొక్కితే పగుళ్ళు కనపడినా ఆ బూట్లు వేసుకుని బయల్దేరకండి. ట్రెక్‌కి రెండు వారాల ముందే తీసి ఇంటి చుట్టూ నడిచి చూడాలి. ఈవీఏ అనే ఇంకో రకం నురుగుతో చేసిన మిడ్‌సోల్‌కి ఈ జబ్బు లేదు, కానీ అది త్వరగా అణిగిపోతుంది.

డిస్కౌంట్‌లో పాత స్టాకు కొనేటప్పుడూ ఇదే ప్రశ్న అడగండి: ఎప్పుడు తయారైంది?

ఎవరికి ఏది

కేదార్‌కంఠకు శీతాకాలంలో ఒక్కసారి వెళ్ళి వద్దామనుకునేవాళ్ళు అద్దెకు తీసుకోవచ్చు. బేస్ ఊరు సాంక్రీలోనూ, మనాలీలోనూ బూట్లు అద్దెకు ఇస్తారు. కాకపోతే ఎవరి కాలికో అలవాటు పడినవి మీకు నప్పుతాయన్న నమ్మకం లేదు. ఒక రోజు ముందే వెళ్ళి ఎంచుకోండి, సాక్స్ మాత్రం మీవే తీసుకెళ్ళండి.

యూకేలో ఉండి నెలకు రెండుసార్లైనా కొండకెళ్ళేవాళ్ళు తోలు బూటు మీద ధైర్యంగా ఖర్చు పెట్టవచ్చు. అక్కడ సోల్ మార్చి ఇచ్చే వర్క్‌షాపులు ఉన్నాయి, వాతావరణం కూడా తోలుకి అనుకూలం. ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకుంటే మాత్రం కింద చెప్పిన వానాకాలం జాగ్రత్తలు తప్పనిసరి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటూ చుట్టుపక్కల కొండలు ఎక్కేవాళ్ళకు స్వెడ్, మెష్ బూట్లలో పొర లేనివి నయం. అడవిలో, క్వారీల్లో పనిచేసేవాళ్ళకు పొర లేని నిండు తోలు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు బరువు తక్కువది చూసుకుని, మిగిలిన డబ్బుతో ట్రెక్కింగ్ కర్రలు కొనుక్కోవడం మంచిది.

నడిచొచ్చాక

అదే రోజు చేయాల్సిన పనులు కొన్నే. లేసులు పూర్తిగా వదులు చేసి, పాదం కింద ఉండే లోపలి అట్ట (ఇన్‌సోల్) బయటికి తీయాలి. బురదను మెత్తని బ్రష్‌తో, చల్లని నీళ్ళతో కడగాలి. ఎండిన బురద తోలులోని తేమను లాగేసి పగుళ్ళు తెస్తుంది. బట్టల సబ్బు, సర్ఫ్ వాడొద్దు, అవి తోలులోని నూనెను తీసేస్తాయి. తర్వాత లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, తడిసినప్పుడల్లా మార్చాలి. నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టాలి.

ఎండలో పెట్టడం మన ఇళ్ళలో అలవాటు. తోలు బూటుకి మాత్రం వద్దు. క్యాంపులో చలిమంట పక్కన ఆరబెట్టడం అంతకంటే ప్రమాదం. తడి తోలు వేడికి ముడుచుకుపోయి బిరుసెక్కుతుంది, సోల్ అంటించిన జిగురు మెత్తబడుతుంది. తడి బూటు వేసుకుని నడవడం కష్టమే. కాల్చిన బూటు ఇక బాగుపడదు.

మైనం, క్రీమ్, నూనె

నీటి బొట్టు తోలు మీద ముత్యంలా నిలవకుండా ఇంకిపోతుంటే మైనం రాసే సమయం వచ్చినట్టు. తోలు శుభ్రం చేసి, కాస్త తేమగా ఉన్నప్పుడే నీటి ఆధారిత క్రీమ్ రాస్తే లోపలికి బాగా పోతుంది. తేనెమైనం ఆధారంగా చేసినవి పొడి తోలు మీద పల్చగా, వేలితోనో గుడ్డతోనో రాయాలి. కుట్ల మీద, నాలిక పక్కన, సోల్ అతికిన అంచు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. నెలకు నాలుగైదు నడకలు చేసేవాళ్ళకు రెండు మూడు నెలలకోసారి చాలు. మాటిమాటికీ రాస్తే తోలు మెత్తబడి, చీలమండకు ఇచ్చే ఆసరా పోతుంది.

నూబక్‌కి, స్వెడ్‌కి బ్రష్, స్ప్రే మాత్రమే. మైనం రాస్తే ఆ నూగు అణిగి నల్లబడుతుంది, మళ్ళీ మామూలుగా రాదు. అందం కంటే నీటిని ఆపడమే ముఖ్యమనుకుంటే నూబక్‌కి తెలిసే మైనం రాయొచ్చు. బూట్ పాలిష్ నున్నటి తోలుకి మెరుపిస్తుంది, కానీ కొండ బూటుకి కావలసిన పోషణ దానిలో తక్కువ.

మరి ఆముదం సంగతి? మన ఊళ్ళలో కొత్త చెప్పులకు ఆముదం పట్టించేవారు. ఆ చెప్పులు తంగేడు బెరడుతో, కరక్కాయతో పదును చేసిన మందపాటి తోలువి. చేత్తో కుట్టినవి, జిగురూ పొరా లేనివి. ఎంత నూనె తాగినా వాటికి మేలే. ఇప్పటి బూటు తోలు ఎక్కువగా క్రోమియం లవణాలతో పదును చేసింది, తయారీలోనే దానికి కావలసిన నూనె ఎక్కించి ఉంటారు. పైన మళ్ళీ వంటనూనె, కొబ్బరినూనె, ఆముదం పట్టిస్తే తోలు వదులవుతుంది, దుమ్ము అంటుకుంటుంది, బూజు పడుతుంది, సోల్ జిగురు కూడా బలహీనపడవచ్చు. చెప్పులకు ఆముదం రాయండి, బూట్లకు వద్దు.

వానాకాలం, నిల్వ

కోస్తా జిల్లాల్లో జూలై నుంచి తోలు మీద తెల్లటి బూజు రావడం మామూలే. ప్లాస్టిక్ కవర్లో కట్టిపెడితే ఇంకా ఎక్కువ వస్తుంది. గుడ్డ సంచిలో, గాలి ఆడే అలమరలో, సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. బూజు వస్తే ఆరుబయట పొడి గుడ్డతో తుడిచి, వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి తడిపిన గుడ్డతో ఇంకోసారి తుడవండి. నీడలో ఆరాక క్రీమ్ రాయండి. లోపల కూడా చూడండి, బూజు ఎక్కువగా దాక్కునేది అట్ట కింద.

ట్రెక్ లేకపోయినా రెండు వారాలకోసారి బూట్లు వేసుకుని గంటసేపు నడవండి. తోలు వంగుతూ ఉంటుంది, జిగురు ఎక్కడైనా వదిలితే ఊళ్ళో ఉండగానే తెలుస్తుంది.

సోల్ గాడులు అరిగి చదునైతే బూటు పారేయక్కర్లేదు. సోల్ పైన చుట్టూ కుట్టు ఉన్న బూట్లకు సోల్ మార్చడం సులువు. కేవలం అంటించిన వాటిలో కొన్నింటికే కుదురుతుంది, కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి. కుట్టు ఒకటి రెండు చోట్ల తెగితే మన వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గర మైనం పట్టించిన నైలాన్ దారంతో వేయించండి. పొర ఉన్న బూటైతే మాత్రం సూది లోపలి అస్తరు దాకా దిగకూడదని ముందే చెప్పండి. సూది దిగిన ప్రతిచోటా పొరకు చిల్లు పడుతుంది.